‘స్టేడియా 2’ ముందు 20 నిమిషాలు నిలబడ్డాను, ఇథియోపియా ఎక్కడా కనబడలేదు

పెన్‌హిల్స్_పులిహోర
మా అమ్మాయి హైస్కూల్లో ఏపీ ఆర్ట్ హిస్టరీ తీసుకుంది. (ఏపీ అంటే మన రాష్ట్రం కాదు, కాలేజీ స్థాయి పాఠాన్ని బడిలోనే చెప్పే ఏర్పాటు.) ఆ పాఠం కోసం ప్రపంచం నలుమూలల నుంచి 250 కళాఖండాలను ఎంచి పెట్టారు. వాటిలో జూలీ మెహ్రెటు 2004లో వేసిన ‘స్టేడియా 2’ అనే నైరూప్య (అబ్‌స్ట్రాక్ట్) చిత్రం ఒకటి. అది మేముండే పిట్స్‌బర్గ్‌లోనే, కార్నెగీ మ్యూజియంలో ఉంది కనుక, పోయిన ఆదివారం వేంకటేశ్వరస్వామి గుడిలో దర్శనమూ క్యాంటీన్లో పులిహోరా అయ్యాక ఇద్దరం అటు వెళ్లాం.

బొమ్మ 9 అడుగుల ఎత్తు, 12 అడుగుల వెడల్పు. దూరం నుంచి చూస్తే ఒక పెద్ద క్రీడా మైదానానికి గాలిదుమారం తగిలినట్టుంది. సన్నటి నల్లగీతలు వంపులు తిరుగుతూ గ్యాలరీల్లా లేచాయి, పైభాగాన ఎరుపు, పసుపు, నీలం ముక్కలు జెండాల్లాగా తోరణాల్లాగా చెదిరిపడ్డాయి, వాటి మధ్య పొగలాంటి బూడిదరంగు మరకలున్నాయి. బాగుంది, కాదనను. అయితే ఇంటిపనిగా ఇచ్చిన ప్రశ్న ఇది: ‘చిత్రకారిణి బహుళ సంస్కృతుల నేపథ్యం ఈ చిత్రాన్ని ఎలా తీర్చిదిద్దిందో వివరించండి.’ మా అమ్మాయి, ఆమె 1970లో అదీస్ అబాబాలో పుట్టారని, తండ్రి ఇథియోపియా దేశస్థుడు, తల్లి అమెరికన్ అని, 1977లో కుటుంబం మిషిగన్‌కు వచ్చేసిందని, చదువుకునే రోజుల్లో ఒక ఏడాది సెనెగల్‌లోని డకార్‌లో ఉన్నారని రాసింది. జీవితచరిత్రకు రెండు పేరాలు, బొమ్మకు ఒక్క వాక్యం.

అమ్మాయిని తప్పుపట్టలేకపోయాను, ఎందుకంటే నాకూ ఏమీ తోచలేదు. గోడమీది చీటీలో పుట్టిన ఊరి పేరు లేకపోతే ఈ బొమ్మ వేసినవారిది ఏ దేశమో మీలో ఎవరైనా చెప్పగలరా? చెప్పలేనప్పుడు నేపథ్యం దాన్ని తీర్చిదిద్దిందని ఎలా అంటారు?

సందేహి
ఇది మంచి ప్రశ్న. ఇప్పుడు ప్రతి ప్రదర్శనలోనూ బొమ్మ కంటే చీటీ పెద్దదవుతోంది. ముందు చీటీ చదివి, తర్వాత దానికి సరిపోయేట్టు బొమ్మను చూసే అలవాటు మనకు పట్టుకుంది.

మాజీ_ట్రేసర్
నేను ఇరిగేషన్ శాఖలో 31 ఏళ్లు ట్రేసర్‌గా, అంటే ఇంజనీర్ల నక్షాలను సిరాతో ఎత్తి రాసేవాడిగా, పనిచేసి రిటైరయ్యాను. మీరు చెప్పిన బొమ్మను మా మనవడు కంప్యూటర్లో పెద్దది చేసి చూపించాడు. అందులో సగం గీతలు నాకు తెలిసినవే. ప్లాన్, ఎలివేషన్, సెక్షన్ (పైనుంచి, ఎదురుగా, నిలువునా కోసినట్టు చూపే నక్షాలు) అన్నీ ఒకే షీటు మీద ఒకదానిమీద ఒకటి వేస్తే మా ఇంజనీరుగారు నన్ను ఆరోజే సస్పెండ్ చేసి ఉండేవారు. ఆమెను మ్యూజియంలో పెట్టారు. అసూయతో కాదు, నిజంగానే అడుగుతున్నాను: తప్పు పోతే ఆమె ఎలా దిద్దుకుంటారు? మేము ట్రేసింగ్ గుడ్డమీద సిరా గీత తప్పితే బ్లేడుతో మెల్లగా గీకి, ఆ చోటును గోటితో రుద్ది నున్నగా చేసి మళ్లీ గీసేవాళ్లం. కాన్వాసు మీద అది కుదరదు.

రంగులరాట్నం
ట్రేసర్‌గారూ, అసలు విషయం మీ ప్రశ్నలోనే ఉంది. నేను హైదరాబాద్‌లో బొమ్మలు వేస్తాను, పాఠాలూ చెబుతాను, కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

మెహ్రెటు ఆ రోజుల్లో చేసిన పద్ధతి ఇది. భవనాల నక్షాలను, ఈ చిత్రానికైతే ప్రపంచంలోని రకరకాల స్టేడియంల నక్షాలను సేకరించి, వాటిని ప్రొజెక్టర్‌తో కాన్వాసు మీదికి వేసి, సిరాతో గీతలను ఎత్తి రాసుకుంటారు. దానిమీద పారదర్శకమైన ఆక్రిలిక్ పొర ఒకటి వేసి, ఆరాక ఎమరీ కాగితంతో గాజులా నున్నగా అరగదీస్తారు. ఆ నునుపు మీద మళ్లీ గీతలు, మళ్లీ రంగు ముక్కలు, మళ్లీ ఇంకో పొర. అందుకే అడుగున ఉన్న గీత చెరిగిపోదు, అలాగని చేతికీ అందదు. నీటి అడుగున రాయిలా కనబడుతూనే ఉంటుంది. అంటే మీరన్న దిద్దుబాటు అక్కడ లేదు. పొర మూసుకున్నాక తప్పుకూడా బొమ్మలో భాగమే.

ఇప్పుడు పెన్‌హిల్స్‌గారి ప్రశ్నకు వస్తాను. నేపథ్యాన్ని మీరు గుర్తుల్లో వెతుకుతున్నారు. సింహం బొమ్మో, శిలువో, ఏదో జెండా రంగులో కనబడితే ‘అదిగో ఇథియోపియా’ అని సరిపెట్టుకునేవారు. ఆమె అలాంటి ఆనవాళ్లు పెట్టలేదు. ఒక చోటును చెరపకుండా దానిమీద ఇంకో చోటును నిలబెట్టే ఈ పొరల పద్ధతిలో వెతకండి. ఏడేళ్లు నిండీ నిండకుండా ఒక ఊరి నుంచి ఇంకో ఖండానికి మారిన పిల్లకు ఊళ్లు అలాగే గుర్తుంటాయి, ఒకదాని కింద ఒకటి.

సందేహి
మొదటి పేరా అద్భుతం, రెండో పేరా మళ్లీ చీటీయే. ఏ ఊరూ కదలనివాడు కూడా పొరలు వేయగలడు. పల్లెటూళ్లో పెరిగిన వడ్రంగి ప్లైవుడ్ అతికిస్తే దానికీ వలస కారణమంటారా?

మాజీ_ట్రేసర్
ప్లైవుడ్ మాట బాగుంది. అయినా వడ్రంగి కింది పొరను కనబడకుండా దాచడానికి అతికిస్తాడు, ఈమె కనబడేట్టు అతికిస్తున్నారు. ఆ తేడాను నేను గౌరవిస్తాను.

అదీస్_పిల్ల
ఈ చర్చలో నేను కలగజేసుకోక తప్పదు. నేను 1968లో అదీస్ అబాబాలోనే పుట్టాను. మా నాన్నగారిది గుంటూరు, లెక్కల మాస్టారు. హైలే సెలాసీ చక్రవర్తి కాలంలో ఇథియోపియా బళ్లలో పాఠాలు చెప్పడానికి మన దేశం నుంచి వందలకొద్దీ ఉపాధ్యాయులు వెళ్లారు. మా ఇంట్లో పుల్లట్టుకూ ఇంజెరాకూ (అక్కడివాళ్లు తినే పులిసిన అట్టు) తేడా తెలియకుండా పెరిగాను. 1974లో చక్రవర్తిని దించేశారు, సైనిక మండలి వచ్చింది. ఆ తర్వాతి నాలుగేళ్లలో చూసింది ఇంకా కలలోకి వస్తుంది. మేము 1978లో రెండు పెట్టెలతో బయటపడ్డాం. జూలీ మెహ్రెటు కుటుంబం మాకంటే ఏడాది ముందు వెళ్లింది.

నాకు గుర్తున్నది ఇది. మెస్కెల్ కూడలి అని పెద్ద మైదానం ఉండేది, సైనిక ప్రభుత్వం దాని పేరును విప్లవ కూడలిగా మార్చింది. దానికి పక్కనే నగర స్టేడియం. ఒక చోట ఫుట్‌బాల్‌కు జనం అరిచేవారు, పక్కచోట నినాదాలకు అరిపించేవారు. మా మేడమీద నిలబడితే రెండు హోరులూ ఒకేలా వినబడేవి, ఈరోజు మ్యాచో మీటింగో అమ్మ జెండాలు చూసి చెప్పేది. ‘స్టేడియా 2’ ఫొటోను మొదటిసారి చూసినప్పుడు నాకు వెంటనే ఆ హోరు వినబడింది. బొమ్మలో ఆ స్టేడియం నక్షా ఉందని నేను అనడం లేదు, నాకు తెలియదు. 2012లో వేసిన ‘మొగమ్మా’ అనే నాలుగు భాగాల చిత్రంలో మాత్రం కైరోలోని తహ్రీర్ కూడలితో పాటు మెస్కెల్ కూడలి గీతలను కూడా ఆమె కలిపారు.

పెన్‌హిల్స్_పులిహోర
అదీస్‌గారూ, మీ పోస్టు మా అమ్మాయికి చదివి వినిపించాను. ‘మరి ఆంటీ అక్కడ పుట్టారు కాబట్టి అలా అనిపించింది, మనకెందుకు అనిపించాలి’ అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

నల్లమల_నుంచి
నాకొకటి తోచింది. అమ్హారిక్ లిపిలో ఒక్కో హల్లుకూ ఏడు రూపాలుంటాయి, మన గుణింతం లాగే కొమ్ములూ కాళ్లూ మారుతుంటాయి. చిత్రం మధ్యలో గుంపుగా ఉన్న ఆ చిన్న చిన్న కుంచె గుర్తులు అక్షరాల్లా లేవూ? చిన్నప్పుడు పలకమీద దిద్దిన అక్షరాలు చెయ్యి మరిచిపోదు కదా.

రంగులరాట్నం
అంత దూరం వెళ్లవద్దని మనవి. అవి ఏ లిపీ కాదు. ఆమె 1990లలో రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్‌లో ఎంఎఫ్ఏ (లలితకళల్లో పీజీ) చేస్తున్నప్పటి నుంచి ఆ చిన్న గుర్తులను మనుషుల్లాగా, గుంపుల్లాగా ఊహించుకుని పటాల మీద నడిపిస్తూ వచ్చారు. గుర్తులు గుమికూడతాయి, తగవులాడతాయి, ఊరు కడతాయి, చెదిరిపోతాయి. తెలుగువాడు గీసిన ప్రతి వంపూ జిలేబీ అక్షరమే అంటే మనం ఊరుకుంటామా?

అదీస్_పిల్ల
నల్లమలగారి ఊహ అందంగానే ఉంది, కానీ నాకు ఫిదెల్ (ఆ అమ్హారిక్ లిపి పేరు) అక్షరాలు ఇప్పటికీ వచ్చు, బొమ్మలో ఒక్కటీ దొరకలేదు. ఏడేళ్ల పిల్ల లిపి కంటే ముందు గుర్తుపెట్టుకునేవి వేరే ఉంటాయి.

మాజీ_ట్రేసర్
అందరూ తండ్రి దేశం గురించి మాట్లాడుతున్నారు, తండ్రి ఉద్యోగం గురించి ఎవరూ మాట్లాడలేదు. మా మనవడు చదివి చెప్పాడు: ఆమె తండ్రి మిషిగన్‌లో భూగోళ శాస్త్రం బోధించిన ఆచార్యుడట. ఇంట్లో భోజనాల బల్ల మీద పటాలు పరిచి ఉండే ఇంట్లో పెరిగిన పిల్ల (ఉండే ఉంటాయి, భూగోళం మాస్టారి ఇల్లు కదా) పెద్దయ్యాక పటాల మీద గీతలు గీసిందంటే, దానికి ఇథియోపియా కంటే ఆ బల్లే దగ్గరి కారణం. మా అబ్బాయి కూడా నా రోట్రింగ్ పెన్నులతో ఆడుకునే సివిల్ ఇంజనీరయ్యాడు. వాడి నేపథ్యం బహుళ సంస్కృతి కాదు, నాగార్జునసాగర్ క్వార్టర్లు.

సందేహి
ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో నేను పూర్తిగా ఒప్పుకున్న మొదటి పోస్టు ఇదే.

అదీస్_పిల్ల
నేను సగమే ఒప్పుకుంటాను. పటాలు నాన్న ఇచ్చి ఉండవచ్చు. ఆ పటాల మీద పొగ ఎవరిచ్చారు?

ఉప్పల్_ఈస్ట్‌స్టాండ్
మీరంతా ఊళ్ల గురించి వాదిస్తున్నారు, బొమ్మ పేరును వదిలేశారు. అది స్టేడియం. 2003లో ఇరాక్ మీద యుద్ధం మొదలైంది, 2004 ఆగస్టులో ఏథెన్స్ ఒలింపిక్స్ జరిగాయి, ఆ ఏడాదే ఈ వరుసలో మూడు బొమ్మలు వేశారు. జెండాలాంటి ముక్కల్ని జాగ్రత్తగా చూడండి, ఏదో దేశం జెండా అని నోటిదాకా వస్తుంది, పేరు మాత్రం రాదు. కొన్ని కంపెనీల లోగోల్లా కూడా ఉంటాయి.

నేను ఉప్పల్లో మ్యాచ్‌కు వెళ్లినప్పుడు ఒకసారి నా పక్క సీటాయన చెంపలమీద రంగులు పూసుకుని వచ్చాడు. మనవాళ్లు సిక్స్ కొట్టినప్పుడు నన్ను కౌగిలించుకున్నాడు. తర్వాత నేను అవతలి జట్టు బౌలర్ వేసిన మంచి బంతికి చప్పట్లు కొట్టాను. అతను నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది, ఆపైన ఇన్నింగ్స్ అయ్యేదాకా మాట్లాడలేదు. నా చొక్కాకు అతని చెంప రంగు ఇంకా అంటే ఉంది. స్టేడియంలో ఇరవై అడుగుల పైనుంచి చూస్తే అంతా పండుగే, పక్కసీట్లో కూర్చుంటేనే తెలుస్తుంది. పైభాగమంతా తోరణాలు, మధ్యలో పొగ ఎందుకున్నాయో నాకు ఎవరూ వివరించనక్కర్లేదు.

నల్లమల_నుంచి
చొక్కా ఉతకలేదా?

ఉప్పల్_ఈస్ట్‌స్టాండ్
ఉతికాను, పొర మూసుకుపోయింది. దిద్దలేం.

సందేహి
ఉప్పల్‌గారు చెప్పింది బొమ్మలోంచి వచ్చింది, ఒప్పుకున్నాను. కానీ చూడండి, ఆయనకు ఆ అర్థం అందడానికి చిత్రకారిణి ఎక్కడ పుట్టారన్న సమాచారం అక్కర్లేకపోయింది. అదే నా వాదన. ఇంకో సంగతి. నేపథ్యం గురించి ఇంత గంభీరంగా మాట్లాడేవారు, ఆమె 2009లో న్యూయార్క్‌లో గోల్డ్‌మన్ శాక్స్ అనే పెద్ద బ్యాంకు కొత్త భవనం ప్రవేశ మందిరానికి 80 అడుగుల పొడవు, 23 అడుగుల ఎత్తు ఉన్న కుడ్యచిత్రం వేసిన సంగతి కూడా చెప్పాలి. 2023లో ఆమె చిత్రం ఒకటి వేలంలో కోటి డాలర్లు దాటింది. వలస కథకు బజారులో మంచి ధర ఉంది.

రంగులరాట్నం
ధర ఉండడం అబద్ధానికి రుజువు కాదు. ఆ 80 అడుగుల చిత్రంలో కూడా ఆమె వేసింది వర్తకపు దారుల పటాలను, డబ్బు తిరిగే భవనాల గీతలను. బ్యాంకు గోడమీద డబ్బు చరిత్రనే వేసి డబ్బు తీసుకున్నారు. దాన్ని లొంగుబాటు అంటారో గడుసుదనం అంటారో మీ ఇష్టం. నేను రెండోదంటాను.

చిత్తూరు_మామిడి
మన దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. కృష్ణారెడ్డి 1925లో మా చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, 1950లలో ప్యారిస్ చేరి, హేటర్ అనే ముద్రణా చిత్రకారుడు నడిపిన ఆటెలియే 17 కార్యశాలలో పనిచేసి, చివరికి న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో బోధించి, 2018లో అక్కడే కన్నుమూశారు. వేసినవి నైరూప్యానికి చాలా దగ్గరి ముద్రణాచిత్రాలు. 1963 నాటి ‘వర్ల్‌పూల్’ చూస్తే నీటి సుడిలోకి లాగేస్తుంది.

ఆయన పేరు నిలబెట్టిన పద్ధతి ఏమిటంటే, ఒకే లోహపు పలకను రకరకాల లోతుల్లో చెక్కి, సిరాల్లో అవిసె నూనె పాళ్లు మార్చి, ఒకటి చిక్కగా ఒకటి పలచగా చేసి, మెత్తటి రోలరు లోతులోకీ గట్టి రోలరు పైపైనా తగిలేట్టు దొర్లిస్తే, రంగులు ఒకదానిలో ఒకటి కలవకుండా పక్కపక్కనే నిలబడతాయి. ఒక్కసారి నొక్కితే అన్ని రంగులూ వస్తాయి. అంతకుముందు ఒక్కో రంగుకు ఒక్కో పలక కావలసి వచ్చేది. ఆ చిత్రాల్లో చిత్తూరు ఎక్కడుంది అని అడిగితే నేనూ చూపించలేను. కానీ కలిసిపోకుండా ఒకే పలకమీద ఉండే రంగుల కోసం అన్నేళ్లు శ్రమపడిన మనిషి, మూడు దేశాల్లో బతికిన మనిషి కావడం నాకు కాకతాళీయంగా అనిపించదు.

సందేహి
నాకు అనిపిస్తుంది. ఆ కార్యశాలలో అదే ప్రయోగం చేస్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు, అందరూ చిత్తూరు వాళ్లు కారు. మంచి పనివాడి పనితనాన్ని జాతకంగా మార్చకండి.

చిత్తూరు_మామిడి
జాతకం కాదండీ, మట్టి. మామిడి రుచికి మట్టే ఏకైక కారణమని ఎవరూ అనరు, మట్టితో పని లేదనీ ఎవరూ అనరు.

రెండో_తరం_డల్లాస్
నేను ఇక్కడే పుట్టి పెరిగాను, తెలుగు రాయడం ఆలస్యంగా నేర్చుకున్నాను, తప్పులుంటే మన్నించండి. ఈ ప్రశ్నకు నాకు వేరే వైపు నుంచి కోపం ఉంది. బళ్లో బొమ్మల తరగతిలో నేను ఒకసారి నీలం, బూడిదరంగు గళ్లతో ఒక నైరూప్య చిత్రం వేశాను. మా వీధి చివర పార్కింగ్ స్థలంలో వాన వెలిశాక నీళ్లు నిలబడినప్పటి రంగులు అవి. టీచరు చూసి, ‘ఇందులో మీ సంస్కృతిని కూడా కలిపితే ఇంకా బలంగా ఉంటుంది’ అన్నారు. ఇంటికి వచ్చి అమ్మను అడిగితే ముగ్గు వేయమంది. మూలన ఒక ముగ్గు వేశాను. మార్కులు వచ్చాయి. ఆ బొమ్మ ఇప్పటికీ అమ్మావాళ్ల ఇంట్లో గోడకు ఉంది, నేను ఆ మూల వైపు చూడను.

మెహ్రెటు నాకు నచ్చడానికి కారణం ఆమె ఆ మూలన ముగ్గు వేయకపోవడమే. అందుకని పెన్‌హిల్స్‌గారికి ఇథియోపియా కనబడకపోవడం బొమ్మ లోపం కాదని నా అభిప్రాయం. ఆమె ఇవ్వదలచుకోనిదాన్ని ఇవ్వలేదు.

అదీస్_పిల్ల
నా కళ్లు చెమర్చాయి. ఆ మూలను తెల్లరంగుతో మూసేయమ్మా.

మాజీ_ట్రేసర్
మూయవద్దు. పారదర్శకమైన పొర వేసి, దాని మీద మళ్లీ పార్కింగ్ స్థలం వేయండి.

పెన్‌హిల్స్_పులిహోర
నిన్న మళ్లీ వెళ్లాం, ఈసారి గుడికి వెళ్లకుండా నేరుగా. ట్రేసర్‌గారి ప్రశ్న మనసులో ఉండడంతో దూరం నుంచి కాక దగ్గర నుంచి మొదలుపెట్టాం. మొదటిసారి నేను పొగ అనుకున్నది పొగ కాదు. దువ్వెన పళ్లంత చిన్న కుంచె గుర్తులు, కొన్ని కామాల్లా, కొన్ని గడ్డి పరకల్లా, వందలకొద్దీ ఒకే దిక్కుకు వాలి ఉన్నాయి. వాటి కింద నుంచి ఒక గ్యాలరీ వంపు గీత సాగిపోతోంది. మా అమ్మాయి ఆ గీతను గాలిలో వేలితో అనుసరిస్తూ నడిచింది. గీత ఒక పసుపు ముక్క కింద దూరింది, ఇవతలికి వచ్చింది, ఆ గుర్తుల గుంపులో కనబడీ కనబడకుండా నడిచి, చివర ఇంకో స్టేడియం గీతతో కలిసిపోయింది. ఎక్కడ మొదటిది ఆగి రెండోది మొదలైందో ఇద్దరం చెప్పలేకపోయాం. మూడుసార్లు నడిచినా చెప్పలేకపోయాం.

జవాబు మళ్లీ రాసింది. జీవితచరిత్ర రెండు వాక్యాలకు తగ్గింది, ఆ ఒక్క గీత గురించి పేజీ నిండింది. అందులో ఒక వాక్యం మీకోసం తెలుగులో పెడుతున్నాను: ‘ఈమె ఒక చోటు గురించి బొమ్మ వేయలేదు, రెండు చోట్లు ఎక్కడ కలిశాయో చెప్పలేకపోవడం గురించి వేశారు.’ ఇది నేపథ్యం గురించో కాదో నేను తీర్పు చెప్పను. సందేహిగారు చెబుతారు.

సందేహి
వాక్యం బాగుంది. అందులో ఇథియోపియా మాట లేదని గమనించవలసిందిగా అందరికీ మనవి.

అదీస్_పిల్ల
నాకు మొత్తం అదే కనబడుతోందని కూడా గమనించవలసిందిగా మనవి.

మాజీ_ట్రేసర్
పెన్‌హిల్స్‌గారూ, చిన్న కోరిక. తర్వాతిసారి బొమ్మకు పక్కనుంచి, వెలుతురు ఏటవాలుగా పడేట్టు నిలబడి ఒక ఫొటో తీసి పెట్టగలరా? అరగదీసిన పొర నిజంగా గాజులా ఉందో, గీత దగ్గర కాస్త ఎత్తు తెలుస్తోందో చూడాలని ఉంది.

పెన్‌హిల్స్_పులిహోర
ప్రయత్నించాను. వేలితో గీత వెంట నడిచిన తర్వాత కాపలా ఆయన మమ్మల్ని వదలకుండా గమనిస్తున్నాడు. వచ్చే నెల వెళ్లి తీస్తాను.

రెండో_తరం_డల్లాస్
మూడో బొమ్మ ‘స్టేడియా 3’ రిచ్‌మండ్‌లోని వర్జీనియా మ్యూజియం వారిది. మా అక్క అక్కడే ఉంటుంది, గోడకు ఉందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోమన్నాను. ఉంటే ట్రేసర్‌గారు అడిగినట్టే ఏటవాలు ఫొటో తీసి పంపుతుంది.